వేలిముద్ర కలవకపోతే మనిషి మారినట్టా? కేవైసీ తనిఖీ వెనుక విజ్ఞానం

బ్యాంకు శాఖల్లోనూ, పల్లెల్లో బ్యాంక్ మిత్రల దగ్గరా తరచూ కనిపించే దృశ్యం ఇది. ముప్పై ఏళ్లుగా తాపీ పని చేస్తున్న మేస్త్రీ ఒకరు కేవైసీ కోసం వచ్చి యంత్రం మీద బొటనవేలు పెడతాడు. సరిపోలలేదని తెర మీద వస్తుంది. “మళ్ళీ పెట్టండి పెద్దాయనా” అంటాడు అవతలి మనిషి. చెయ్యి తుడుచుకుని మళ్ళీ పెడతాడు. ఫలితం అదే. చూపుడువేలు, ఉంగరపు వేలు, ఎడమచెయ్యి అన్నీ అయ్యాక “వేలిముద్రలు పడటం లేదు, ఇంకో రోజు రండి” అన్న మాట వినపడుతుంది. ఆ రోజు కూలి పోయినట్టే. చుట్టూ ఉన్నవాళ్లకు ఆయనెవరో తెలుసు. యంత్రానికి మాత్రం తెలియలేదు.

ఇలాంటప్పుడు ‘యంత్రం కాదంది కాబట్టి ఏదో తేడా ఉంది’ అనుకోవడం మామూలే. కానీ యంత్రం ఇచ్చేది తీర్పు కాదు, ఒక కొలత. త్రాసుకు, థర్మామీటరుకు ఉన్నట్టే ఈ కొలతకూ పొరపాట్లు ఉంటాయి. ఆ పొరపాట్లు ఎలా పుడతాయో, ఎవరి మీద ఎక్కువగా పడతాయో తెలిస్తే, వాటిని ఎలా సరిదిద్దాలో కూడా తెలుస్తుంది.

అసలు ఈ తనిఖీ ఎందుకు?

నేరం ద్వారా వచ్చిన సొమ్మును నాలుగైదు ఖాతాల గుండా తిప్పి, చివరకు న్యాయంగా సంపాదించినట్టు చూపించడాన్ని మనీలాండరింగ్ అంటారు. మత్తుమందుల వ్యాపారం, లంచాలు, సైబర్ మోసాలు, దేని డబ్బయినా ఎక్కడో ఒకచోట బ్యాంకు గడప తొక్కక తప్పదు. ఆ గడప దగ్గరే కాపలా ఉంచాలన్నది మనీలాండరింగ్ నిరోధక నిబంధనల మూలసూత్రం. ఈ విషయంలో దేశాలకు ప్రమాణాలు నిర్దేశించే ఫైనాన్షియల్ యాక్షన్ టాస్క్ ఫోర్స్ 1989లో ఏర్పడింది. భారతదేశం 2010లో అందులో పూర్తిస్థాయి సభ్యదేశమైంది. మన దేశంలో మనీలాండరింగ్ నిరోధక చట్టం 2002 నాటిది. అది 2005 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చింది.

ఈ చట్టం కింద బ్యాంకులు మూడు పనులు చేయాలి. ఖాతా తెరిచే మనిషి ఎవరో నిర్ధారించుకోవాలి. అతని వృత్తి, ఆదాయాలను బట్టి ఖాతాలో ఎలాంటి లావాదేవీలు సహజమో అంచనా వేసుకోవాలి. ఆ అంచనాకు పొంతన లేని లావాదేవీలు కనబడితే, ఢిల్లీలోని ఆర్థిక నిఘా విభాగానికి నివేదించాలి. రూ.10 లక్షలకు మించిన నగదు లావాదేవీల వివరాలు కూడా అక్కడికే వెళతాయి. ‘నో యువర్ కస్టమర్’, అంటే ‘ఖాతాదారు ఎవరో తెలుసుకోండి’ అన్న మాటకు పొట్టి పేరే కేవైసీ. మిగతా రెండు పనులకూ అదే పునాది. మొదటి అడుగులో మనిషే తప్పయితే తర్వాతి లెక్కలన్నీ తప్పుతాయి.

పాత ప్రశ్న, హుగ్లీ ఒడ్డు జవాబు

‘వచ్చినవాడు అతనేనా?’ అన్న ప్రశ్న బ్యాంకులకు కొత్తగా వచ్చిందేమీ కాదు. 1858లో బెంగాల్‌లోని జంగీపూర్‌లో విలియం హెర్షెల్ అనే బ్రిటిష్ అధికారి, రాజ్యధర్ కొనాయ్ అనే గుత్తేదారుతో ఒప్పందం రాసుకుంటూ సంతకానికి తోడు అతని అరచేతి ముద్ర తీసుకున్నాడు. తర్వాత ఏళ్ల తరబడి ముద్రలు సేకరించి, వయసు పెరిగినా వేలిముద్రల నమూనా మారదని గమనించాడు. 1877లో హుగ్లీలో పింఛనుదారుల వేలిముద్రలు తీసుకునే పద్ధతి పెట్టాడు. చనిపోయినవారి పేరు మీద ఇంకొకరు పింఛను తీసుకోకుండా ఆపడమే దాని ఉద్దేశం. 1897లో కలకత్తాలో వేలిముద్రల కార్యాలయం ఏర్పడింది. ముద్రలను వర్గీకరించి, వేల కాగితాల్లోంచి కావలసినదాన్ని వెతికి తీసే పద్ధతిని రూపొందించడంలో అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే ఇద్దరు భారతీయ పోలీసు అధికారుల పాత్ర కీలకం. ఆ పద్ధతి మాత్రం వారి పై అధికారి ఎడ్వర్డ్ హెన్రీ పేరు మీద ప్రపంచమంతా వ్యాపించింది.

అంటే పింఛను ఇచ్చేచోట వేలిముద్ర అడగడం ఈ దేశంలో దాదాపు నూటయాభై ఏళ్ల నాటి అలవాటు. అప్పట్లో ముద్రను మనిషి భూతద్దంతో చూసేవాడు. ఇప్పుడు ఆ పని యంత్రం చేస్తోంది.

సంఖ్యలోనే తొలి కాపలా

మనిషిని చూడటానికి ముందే పత్రాన్ని చూడాలి. ఆధార్ సంఖ్యలో 12 అంకెలుంటాయి. వాటిలో చివరిది తనిఖీ అంకె. మొదటి పదకొండు అంకెల నుంచి ఒక సూత్రం ప్రకారం దాన్ని లెక్కిస్తారు. అంకెలన్నీ కూడి చివర రాస్తే సరిపోదా అనిపించవచ్చు. సరిపోదు. 38 రాయబోయి 83 రాస్తే కూడిక మారదు, పొరపాటు దొరకదు. చేత్తో అంకెలు ఎక్కించేటప్పుడు ఎక్కువగా జరిగేవి రెండే: ఒక అంకె బదులు ఇంకొకటి వేయడం, పక్కపక్క అంకెలను తారుమారు చేయడం. ఈ రెండు రకాల పొరపాట్లనూ ఒక్కటి కూడా వదలకుండా పట్టుకునే పద్ధతిని డచ్చి గణిత శాస్త్రవేత్త జాకోబస్ వెర్‌హూఫ్ 1969లో ప్రచురించాడు. ఆధార్‌లో వాడుతున్నది అదే. కాబట్టి అంకె తప్పు పడితే కంప్యూటరు అక్కడికక్కడే ఆపేస్తుంది.

అయితే తనిఖీ అంకె పట్టేది పొరపాటునే, మోసాన్ని కాదు. సూత్రం తెలిసినవాడు దానికి సరిపడే సంఖ్యను తయారుచేయగలడు. మోసాన్ని ఆపడానికి ఆధార్ పత్రం మీది క్యూఆర్ కోడ్‌లో డిజిటల్ సంతకం ఉంటుంది. పేరు, చిరునామా, ఫొటోల సమాచారాన్ని ఒక గణిత ప్రక్రియ ద్వారా చిన్న సంఖ్యా ముద్రగా కుదించి, విశిష్ట గుర్తింపు ప్రాధికార సంస్థ తన రహస్య తాళంతో సంతకం చేస్తుంది. దాన్ని సరిచూడటానికి మరో తాళం ఉంటుంది. అది అందరికీ అందుబాటులో ఉండే బహిరంగ తాళం. పేరులో ఒక్క అక్షరం మార్చినా సంఖ్యా ముద్ర పూర్తిగా మారిపోయి సంతకం చెల్లకుండా పోతుంది. అందుకే లామినేషన్ చేసిన కార్డును కళ్లతో చూడటం కన్నా క్యూఆర్ కోడ్‌ను స్కాన్ చేయడం ఎంతో నమ్మదగిన తనిఖీ.

ఇంతవరకు తేలింది ఒకటే: పత్రం అసలుదే. దాన్ని పట్టుకొచ్చిన మనిషి అందులో ఉన్న మనిషేనా అన్నది ఇంకా తేలలేదు. వేలు, కన్ను, ముఖం అవసరమయ్యేది ఇక్కడే.

గాజు పలక కింద ఏం జరుగుతుంది?

వేలిముద్రలు చదివే యంత్రాల్లో చాలావాటిది పదో తరగతి భౌతికశాస్త్రమే. గాజు పలక కింద ఒక పట్టకం ఉంటుంది. కాంతి కిరణం గాజులోంచి గాలిలోకి ఏటవాలుగా వెళ్లబోతే, ఒక హద్దు దాటిన కోణంలో అది బయటికి పోలేక మొత్తంగా వెనక్కి మళ్లుతుంది. ఇదే సంపూర్ణాంతర పరావర్తనం. మామూలు గాజుకు ఆ సందిగ్ధ కోణం సుమారు 42 డిగ్రీలు. యంత్రంలో కాంతిని 45 డిగ్రీల దగ్గర పంపితే, పలక మీద ఏమీ లేనప్పుడు అంతా వెనక్కి వచ్చి కెమెరాలో తెల్లగా కనిపిస్తుంది.

ఇప్పుడు వేలు పెడితే, చర్మం మీది గట్లు గాజును తాకుతాయి. గట్ల మధ్య పల్లాల్లో గాలి ఉంటుంది. చర్మం, దాని మీది చెమట కాంతిని వంచే తీరు గాలి కన్నా గాజుకు దగ్గరగా ఉంటుంది. అందువల్ల గట్టు ఆనినచోట కాంతి వెనక్కి మళ్లకుండా చర్మంలోకి జారిపోతుంది, ఆ చోటు నల్లగా కనిపిస్తుంది. పల్లం ఉన్నచోట తెల్లగానే ఉంటుంది. అలా నలుపు తెలుపు గీతల బొమ్మ తయారవుతుంది.

మేస్త్రీ కష్టానికి కారణం ఇక్కడే దొరుకుతుంది. గట్టు గాజును గట్టిగా, తడిగా ఆనాలి. తడి సిమెంటుకు క్షార గుణం ఎక్కువ, అది చర్మాన్ని తింటుంది. ఇసుక, ఇటుక గట్లను అరగదీస్తాయి. అరిగిన గట్టుకూ పల్లానికీ ఎత్తులో తేడా తగ్గుతుంది. ఎండిపోయిన చర్మానికీ గాజుకూ నడుమ సన్నని గాలి పొర మిగిలిపోతుంది. గట్టు ఉండాల్సినచోట కూడా తెల్లటి ఖాళీలే వస్తాయి. గిన్నెలు తోమేవారికీ, బీడీలు చుట్టేవారికీ, చర్మం బిగువు తగ్గి ముడతలు పడిన వృద్ధులకూ ఇదే ఇబ్బంది. తడిగుడ్డతో వేలు ఒత్తుకుని పెడితే కొన్నిసార్లు ముద్ర పడటానికి కారణం కూడా ఇదే. ఆ తడి గాలి పొర స్థానాన్ని భర్తీ చేస్తుంది.

సరిపోలడం అంటే ఎంత?

బొమ్మ వచ్చాక యంత్రం రెండు బొమ్మలను ఒకదానిమీద ఒకటి పెట్టి చూడదు. గట్లు ఎక్కడ ఆగిపోయాయో, ఎక్కడ రెండుగా చీలాయో గుర్తిస్తుంది. ఆ బిందువుల స్థానాలను, దిశలను నమోదులో ఉన్నవాటితో పోల్చి ఒక మార్కు ఇస్తుంది. ఒకే మనిషి ఒకే వేలును రెండుసార్లు పెట్టినా ఒత్తిడి, వంపు మారుతాయి కనుక మార్కులు ఎప్పుడూ ఒకేలా రావు. అందుకే ‘ఇన్ని మార్కులు దాటితే ఒప్పుకోవాలి’ అని ఒక హద్దు పెట్టుకోక తప్పదు.

ఆ హద్దు దగ్గర రెండు రకాల తప్పులు పొంచి ఉంటాయి. పరాయి మనిషిని అసలు మనిషిగా ఒప్పుకోవడం ఒకటి, అసలు మనిషిని పరాయివాడని తోసిపుచ్చడం రెండోది. హద్దు పెంచితే మొదటి తప్పు తగ్గుతుంది, రెండోది పెరుగుతుంది. హద్దు దించితే దీనికి తారుమారు. అదే యంత్రంతో, అదే వేలితో రెండింటినీ ఒకేసారి తగ్గించడం కుదరదు. హద్దు ఎక్కడ పెట్టాలన్నది ఎవరి నష్టాన్ని ఎంతగా లెక్కలోకి తీసుకుంటామన్న దాన్నిబట్టి తీసుకునే నిర్ణయం.

ఒక చిన్న లెక్క

ఉదాహరణకు లక్ష మంది తనిఖీకి వచ్చారనుకుందాం. వారిలో 100 మంది వేరొకరి పేరుతో వచ్చిన మోసగాళ్లు. యంత్రం మోసగాళ్లలో 99 శాతం మందిని పట్టుకుంటుందని, నిజాయతీపరుల్లో 2 శాతం మందిని పొరపాటున కాదంటుందని అనుకుందాం. వినడానికి ఇది మంచి యంత్రమే.

పట్టుబడిన మోసగాళ్లు 99 మంది. మిగతా 99,900 మందిలో 2 శాతం, అంటే 1,998 మంది అసలు మనుషులను కూడా యంత్రం కాదంది. మొత్తం తిరస్కరణలు 2,097. వారిలో మోసగాళ్లు నూటికి ఐదుగురు కూడా లేరు. అంటే యంత్రం ‘కాదు’ అన్న ప్రతి వందమందిలో 95 మంది నిజంగా వారే. యంత్రం చెడ్డది కావడం వల్ల ఇలా జరగలేదు. వచ్చేవారిలో మోసగాళ్లు అరుదు కావడం వల్ల జరిగింది. కాబట్టి యంత్రం కాదన్న మనిషిని అనుమానితుడిగా చూడటం గణితం ప్రకారమే పొరపాటు.

‘అందుకే కదా మూడుసార్లు ప్రయత్నించమంటున్నాం’ అని సమాధానం రావచ్చు. ఇక్కడ భౌతికశాస్త్ర ప్రయోగశాలలో మొదటి రోజుల్లోనే నేర్పే ఒక తేడా అక్కరకొస్తుంది. కొలతల్లో దోషాలు రెండు రకాలు. ఒకసారి ఇటు, ఒకసారి అటు వచ్చేది యాదృచ్ఛిక దోషం. మళ్ళీ మళ్ళీ కొలిస్తే దాని ప్రభావం తగ్గుతుంది. ప్రతిసారీ ఒకే వైపు వచ్చేది క్రమ దోషం. త్రాసు ముల్లు వంకరగా ఉంటే వందసార్లు తూచినా తప్పే.

ఆ 2 శాతం తప్పు యాదృచ్ఛికమే అయితే, వరుసగా మూడుసార్లు విఫలమయ్యేవారు పది లక్షల్లో 8 మందే ఉండాలి. మన లక్ష మందిలో ఒక్కరు కూడా మిగలకూడదు. కానీ వేలు పలక మీద సరిగా పెట్టని మనిషికి రెండోసారి ఫలితం మారుతుంది. గట్లే అరిగిపోయిన మేస్త్రీకి మారదు. ఆయనది క్రమ దోషం. మళ్ళీ మళ్ళీ వేలు పెట్టించడం దానికి మందు కాదు. కొలిచే పద్ధతినే మార్చాలి. వేలు కాకపోతే కంటిపాప, అదీ కాకపోతే ముఖం, ఫోనుకు వచ్చే ఓటీపీ, కాగితం మీది పత్రం. కనుపాప చుట్టూ ఉండే ఐరిస్ గీతలు కంటి లోపల భద్రంగా ఉంటాయి కనుక సిమెంటు వాటిని అరగదీయలేదు.

నకిలీ వేలు, ఆర్పని కన్ను

తిరస్కరణలను తగ్గించాలని తలుపు బార్లా తెరిస్తే ఏమవుతుందో కూడా తెలుగు నేల మీదే కనిపించింది. 2018లో పెద్దపల్లి జిల్లాలో ఒక సిమ్ కార్డుల విక్రేత, భూముల రిజిస్ట్రేషన్ పత్రాల మీది వేలిముద్రలను ఆన్‌లైన్‌లో సంపాదించి, రబ్బరు స్టాంపుల తయారీ పద్ధతిలో నకిలీ ముద్రలు చేసి, వాటితో వేల సిమ్‌లను క్రియాశీలం చేశాడని పోలీసులు బయటపెట్టారు. బ్యాంకుల్లాగే సిమ్ విక్రేతలు కూడా అప్పట్లో వేలిముద్రతోనే కేవైసీ చేసేవారు. పాస్‌వర్డ్ దొంగిలిస్తే మార్చుకోవచ్చు, వేలిని మార్చుకోలేం. ఆధార్ బయోమెట్రిక్‌లను అవసరం లేనప్పుడు తాళం వేసి ఉంచుకునే సౌకర్యం ఉన్నది ఇందుకే.

అప్పటి నుంచి ‘ముద్ర సరిపోయిందా’ అన్న ప్రశ్నకు తోడు ‘ఇది ప్రాణమున్న వేలేనా’ అన్న ప్రశ్న మరింత ముఖ్యమైంది. 2023లో ఆధార్ ధ్రువీకరణలో గట్ల బిందువులతో పాటు వేలి చిత్రాన్ని కూడా పరిశీలించి ప్రాణమున్నదో లేదో అంచనా వేసే విధానం ప్రవేశపెట్టారు. ముఖం విషయంలోనూ అంతే. 2020 జనవరిలో రిజర్వ్ బ్యాంక్ వీడియో ద్వారా కేవైసీకి అనుమతి ఇచ్చింది. ఎదుట ఉన్నది ఫొటోనో, ముందే తీసిన వీడియోనో కాదని తెలుసుకోవడానికి యాప్‌లు కళ్లు ఆర్పమంటాయి, తల తిప్పమంటాయి.

ఇక్కడా అదే చిక్కు ఎదురైంది. యాసిడ్ దాడిలో కనురెప్పలు దెబ్బతిన్నవారు కళ్లు ఎలా ఆర్పగలరు? చూపు లేనివారు చట్రం మధ్యలో ముఖం ఎలా పెట్టగలరు? ఈ ప్రశ్నలతో బాధితులు సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2025 ఏప్రిల్ 30న కోర్టు, డిజిటల్ సేవలను అందుకోగలగడం రాజ్యాంగంలోని 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమేనని చెప్పి 20 ఆదేశాలు జారీచేసింది. కళ్లు ఆర్పడం ఒక్కటే ప్రాణానికి గుర్తు కాకూడదని, కాగితం ద్వారా కేవైసీ చేసుకునే దారి కూడా తెరిచే ఉండాలని స్పష్టం చేసింది. తర్వాత రిజర్వ్ బ్యాంక్ కూడా తన ఆదేశాలను సవరించింది. ప్రాణ పరీక్ష పేరుతో ప్రత్యేక అవసరాలున్న వారిని బయటపెట్టకూడదని, అధికారి ఆలోచించి కారణం నమోదు చేయకుండా ఏ దరఖాస్తునూ తిరస్కరించకూడదని పేర్కొంది.

పేరు నిజం, ఖాతా అద్దెది

ఇంత పకడ్బందీగా చూసినా గడప దాటే మోసం ఒకటుంది. కొన్ని వేల రూపాయలకు ఆశపడి సొంత ఖాతాను, ఏటీఎం కార్డును, సిమ్‌ను ఇంకొకరి చేతిలో పెట్టేవారు ఉన్నారు. వీటిని మ్యూల్ ఖాతాలంటారు. సైబర్ నేరగాళ్లు దోచిన సొమ్ము నిమిషాల్లో ఇలాంటి ఖాతాల గుండా ప్రవహిస్తుంది. ఇక్కడ వేలు నిజం, ముఖం నిజం, పత్రాలు నిజం. ఎంత గొప్ప బయోమెట్రిక్ యంత్రమైనా అవునంటుంది. యంత్రం సరిగానే కొలిచింది, కాకపోతే ఇక్కడ కొలవాల్సింది వేరు. ఈ మోసం దొరికేది డబ్బు నడకలోనే. రిజర్వ్ బ్యాంక్‌కు చెందిన ఇన్నోవేషన్ హబ్ రూపొందించిన ‘మ్యూల్‌హంటర్’ వంటి కృత్రిమ మేధ సాధనాలు వెతికేది కూడా లావాదేవీల తీరునే. అవి కూడా కొలతలే కాబట్టి, పైన చూసిన లెక్క వాటికీ వర్తిస్తుంది. ఖాతా స్తంభింపజేసే ముందు మనిషి చూడాలి.

మరో దారి నిబంధనల్లోనే ఉంది

ఖాతాదారులు, సిబ్బంది తెలుసుకోవలసిన విషయాలు కొన్ని ఉన్నాయి. కేవైసీకి ఆధార్ ఒక్కటే ఆధారం కాదు. పాస్‌పోర్టు, డ్రైవింగ్ లైసెన్సు, ఓటరు కార్డు, ఉపాధి హామీ జాబ్ కార్డు కూడా అధికారికంగా చెల్లే పత్రాలే. పాన్ లేనివారు ఫారం 60 ఇవ్వవచ్చు. ప్రభుత్వ పథకాల సొమ్ము పొందే వ్యక్తికి గాయం, జబ్బు, వృద్ధాప్యం వంటి కారణాల వల్ల ఆధార్ ధ్రువీకరణ కుదరకపోతే, క్యూఆర్ కోడ్ వంటి ఆఫ్‌లైన్ పద్ధతిలో గానీ, మరో పత్రంతో గానీ బ్యాంకే గుర్తింపును పూర్తిచేయాలని ఆదేశాలు చెబుతున్నాయి. ఏ పత్రమూ లేనివారు అధికారి ఎదుట సంతకమో వేలిముద్రో వేసి, ఫొటో ఇచ్చి చిన్న ఖాతా తెరవవచ్చు. అందులో నిల్వ రూ.50 వేలకు, ఏడాది జమలు రూ.లక్షకు, నెల ఉపసంహరణలు రూ.10 వేలకు మించకూడదు.

పాత ఖాతాల కేవైసీని కూడా ముప్పు స్థాయిని బట్టి సరిచూస్తారు. ఎక్కువ ముప్పు ఉన్నవాటికి రెండేళ్లకు, మధ్యస్థానికి ఎనిమిదేళ్లకు, తక్కువ ముప్పు ఉన్నవాటికి పదేళ్లకు ఒకసారి. సాధారణ కూలీ, పింఛనుదారుల ఖాతాలు ఎక్కువగా చివరి కోవలోకే వస్తాయి. వివరాలేమీ మారకపోతే ‘మార్పు లేదు’ అని స్వయంగా రాసిస్తే చాలు. 2025 జూన్ సవరణ ప్రకారం గడువుకు ముందే బ్యాంకు కనీసం మూడుసార్లు తెలియజేయాలి, అందులో ఒకటి ఉత్తరం రూపంలో ఉండాలి. ఆ స్వీయ ప్రకటనను బ్యాంక్ మిత్ర దగ్గర కూడా ఇవ్వవచ్చు.

అంటే మొదట చూసిన మేస్త్రీ ‘ఇంకో రోజు’ రావలసిన పని లేదు. యంత్రం మూడోసారీ కాదన్నప్పుడు ఎదుటి మనిషి అడగాల్సిన మాట, “పెద్దాయనా, ఓటరు కార్డు తెచ్చారా?” అన్నదే.